మట్టి మెత్తిన వాకిలి

కొండల అంచున ఒకానొక రాజ్యం ఉండేది. దానికి రాజు గజాంకుశుడు, బుర్ర కంటే కిరీటం బరువైన మనిషి. ఆయన కొలువులో విస్సన్న అని ఒక విదూషకుడు ఉండేవాడు. కొండ కిందే పుట్టి పెరిగినవాడు గనక అడవి అంటే అతనికి ప్రాణం.

ఆ యేడు పట్టాభిషేకోత్సవానికి తలమీద ఈకల గొడుగు పట్టించుకోవాలని రాజుగారికి బుద్ధి పుట్టింది. అదీ కొమ్ముపిట్టల తోక ఈకలతో! ముక్కు మీద కొమ్ము మొలిచినట్టుండే పెద్ద పిట్టలవి. వేటగాళ్లు కొండెక్కారు.

ఈ పిట్టల కాపురమే వేరు. ఆడపిట్ట చెట్టు తొర్రలో చేరి, వాకిలి మట్టితో మెత్తేసుకుని, సన్నని సందు మాత్రం వదులుతుంది. పిల్లలు పెరిగేదాకా మగపిట్టే పండ్లు తెచ్చి ఆ సందులోంచి పెట్టాలి. మళ్లీ మళ్లీ అదే చెట్టుకు వచ్చే పిట్టను కొట్టడం ఎంతసేపు?

విస్సన్న వెళ్లి చూశాడు. చెట్ల మొదళ్లలో మగపిట్టలు పడున్నాయి, తోకలు పీకేసి. మానుకు చెవి ఆనిస్తే లోపల ముక్కుతో టకటక కొడుతున్న చప్పుడు. తొర్రలేమో ఎంతో ఎత్తున ఉన్నాయి, అతనిది ముసలి ఒళ్లు. పరుగున వచ్చి రాజు కాళ్ల మీద పడ్డాడు.

"వెర్రివాడా! ఆడపిట్టల జోలికీ పిల్లల జోలికీ పోవద్దని మేమే ఆజ్ఞ వేశాం. వాటి మీద ఒక్క బాణమైనా పడిందా? అదీ మా దయ!" అని రాజు మీసం దువ్వాడు. కొలువంతా భళీ అంది.

చెవిటివాడి ముందు శంఖం ఊది లాభం లేదని విస్సన్న లేచి వచ్చేశాడు.

ఆ వంశంలో ఒక ఆచారం ఉంది. ఉత్సవానికి ముందు రాజు దీక్షకు కూర్చుంటాడు. గది వాకిలి మట్టితో మెత్తేస్తారు. చిన్న కంతలోంచి ఒక్కరే అన్నం అందించాలి, ఇంకొకరి చేతి మెతుకు ముట్టరాదు. ఈసారి ఆ పని విస్సన్న అడిగి మరీ తీసుకున్నాడు. తీసుకుని, రాజు లోపల కూర్చున్నాక అటు మొహమే చూపించలేదు.

మర్నాడు వట్టి చేతులతో వచ్చాడు.

"ఎక్కడ చచ్చావురా? ఆకలికి కళ్లు తిరుగుతున్నాయి!" అని లోపల్నుంచి రాజు కేకేశాడు.

"తమకేం లోటు ప్రభూ? తమ మీద ఒక్క బాణమైనా పడిందా?"

"అన్నం తెచ్చేవాడు రాకపోతే, చావడానికి బాణం ఎందుకురా?"

"కొండమీద ఆ తల్లులూ అదే అంటున్నాయి ప్రభూ."

లోపల్నుంచి నీరసంగా నవ్వు వినిపించింది. "నా నోటితోనే నాకు గడ్డి పెట్టించావు కదరా! ఏం కావాలో కోరుకో."

"వేట మాన్పించండి. చెట్లెక్కే మనుషుల్ని ఇప్పుడే ఇప్పించండి."

రాజు తన చేత్తోనే మట్టి పగలగొట్టుకుని బయటికొచ్చాడు. బుట్టల నిండా జువ్విపండ్లతో అందరూ కొండెక్కారు.

ఏ రెండు మూడు తొర్రల్లోంచో ముక్కు బయటికొచ్చి పండు అందుకుంది. మిగతావి పలకలేదు. ఒకటి తెరిచి చూస్తే, తల్లి పిల్లల మీద రెక్కలు కప్పి అలాగే ఎండిపోయి ఉంది. విస్సన్న అక్కడే కూలబడి ఏడ్చాడు.

రాజు తన బంగారు కడియం తీసి అతని చేతికి తొడిగాడు. "ఇక ఈ అడవిలో బాణం పడదు. గెలిచావుగా, ఇంకా ఏడుస్తావేం?"

"తమకు ఆ ఆకలేదో కాస్త ముందే వేసుంటే బాగుండేది ప్రభూ."

రాజు ఉత్తరీయంలో పండ్లు మూటగట్టుకుని తనే నిచ్చెనెక్కాడు.