ఇనప గద్దకు తోడు

మీరు ఊఁ కొడుతూ ఉంటే నేను చెబుతూ ఉంటాను. సముద్రం ఇంత దగ్గరికి రాకముందు, అల్లంత దూరాన ఉన్నప్పటి మాట ఇది. ఏ సంవత్సరమని మాత్రం అడక్కండి. తెల్లదొరల యుద్ధం ముగిసి ఒక తరం దాటింది, అంతవరకే నాకు తెలుసు.

ఆ కాలంలో గవ్వలపేట అనే జాలరి ఊళ్ళో మసేను అనే మనిషి ఉండేవాడు. వల విసరడం రాదు, చుక్కాని పట్టడం రాదు, బేరమాడటం అసలే రాదు. వచ్చిన పని ఒక్కటే. పడవలోకి చేరిన నీళ్ళని రేకు డబ్బాతో తోడి బయట పోస్తాడు. పొద్దస్తమానం తోడుతూనే ఉంటాడని ఊరు అతనికి తోడయ్య అని పేరు పెట్టింది. కొన్నాళ్ళకి అసలు పేరు కన్నతల్లే మర్చిపోయింది.

తోడయ్యకి ఒక అన్న, కొర్లయ్య. ఒకనాడు గాలివానలో పడవ నిండిపోతుంటే, పెద్ద అల ఒకటి వచ్చి కొర్లయ్యని ఎత్తి నీళ్ళలో పడేసింది. "తోడు రారా తమ్ముడా!" అని కొర్లయ్య కేకేశాడు. గాలి సగం మాట మింగేసింది. తమ్ముడి చెవిన పడింది "తోడు" ఒక్కటే. అన్న నీళ్ళు తోడమంటున్నాడనుకున్నాడు. తల వంచాడు, తోడాడు. తల వంచాడు, తోడాడు. తల వంచాడు, తోడాడు. తలెత్తి చూసేసరికి అన్న లేడు. శవం కూడా ఒడ్డుకి రాలేదు.

గవ్వలపేటలో శవాన్ని ఒంటరిగా వదలరు. పక్కన ఎవరో ఒకరు కూర్చోవాలి, లేకపోతే పోయినవాడికి దారి తెలీదంటారు. అన్న పక్కన కూర్చునే రాత తోడయ్యకి లేకపోయింది. ఆనాటి నుంచి కంచం ముందు కూర్చుంటే ముద్ద గొంతు దిగేది కాదు. పాపం, పిడికెడు మెతుకులతో లేచిపోయేవాడు.

ఇదిలా ఉండగా, ఊరికి ఎదురుగా సముద్రంలో వలలు చింపే చోటు ఒకటుండేది. యుద్ధంలో కూలిన విమానం అక్కడ మునిగి ఉంది. జాలర్లు దాన్ని ఇనప గద్ద అనేవాళ్ళు. దాన్ని పైకి తీసి, బాగుచేసి, జనానికి చూపిస్తామని పట్నం నుంచి మ్యూజియం వాళ్ళు దిగారు. వాళ్ళకి పెద్ద మృణాళిని అనే ఆవిడ. క్రేను బిగించిన బార్జి తెచ్చారు, దాన్ని నడిపే సరంగుని తెచ్చారు. సాయానికి ఊరి పడవలన్నీ వెళ్ళాయి. పడవలున్నచోట తోడయ్య, తోడయ్య ఉన్నచోట రేకు డబ్బా.

మొదటిసారి లాగారు. బెల్టు జారి గద్ద మునిగిపోయింది. రెండోసారి లాగారు. తీగ తెగి, బుసకొడుతూ వచ్చి బార్జి కమ్మీని రెండు ముక్కలు చేసింది. మూడోసారికి తూర్పున ఆకాశం నల్లబడింది.

"ఈసారి జారితే పక్కనున్న అగాధంలోకి పోద్దమ్మా," అన్నాడు సరంగు. "ఇంకెవడూ తియ్యలేడు."

లాగారు. ముక్కు తేలింది. గవ్వలు పట్టిన రెక్కలు తేలాయి. తర్వాత పగిలిన అద్దం తేలింది. దాని వెనక సీట్లో, బెల్టు పెట్టుకుని కూర్చున్నట్టే, ఒక మనిషి ఎముకలు.

పడవలన్నీ ఒక్కసారిగా వెనక్కి జరిగాయి. దండాలు పెట్టారేగానీ దగ్గరికి ఎవరూ పోలేదు. గద్ద కడుపు నిండా నీళ్ళూ ఇసకా. ఆ బరువుకి బార్జి ఒక పక్కకి ఒరిగింది. తీగ మూలిగింది. సరంగు తీగని తెంచే కట్ర మీద చెయ్యి వేశాడు.

"ఒగ్గీమంటారా? ఒగ్గకపోతే మనమూ పోతాం!"

మృణాళిని ఆ సీటు వైపే చూస్తోంది. ఇన్నేళ్ళుగా నీళ్ళలో కూర్చున్న మనిషిని మళ్ళీ ముంచమని చెప్పడానికి ఆవిడకి నోరు రాలేదు. అసలు లోపల ఎందరున్నారో తెలుసుకుందామని అడిగింది.

"ఆయనకి తోడు ఎవరైనా ఉన్నారా?"

ఆవిడ అడిగింది వెనక ఇంకో శవం ఉందా అని. తోడయ్య చెవిన అలా పడలేదు. ఒంటరిగా ఉన్న శవం. తోడెవరని అడుగుతున్న ఆడకూతురు. పైగా అది తన పేరాయె!

"నానున్నానమ్మా!" అని అరిచి, డబ్బా పళ్ళతో కరిచి పట్టుకుని దూకేశాడు. ఈదుకుంటూ వెళ్ళి పగిలిన అద్దంలోంచి గద్ద కడుపులోకి దిగాడు.

సరంగు చెయ్యి కట్ర మీదే బిగుసుకుపోయింది. బతికున్న మనిషిని పెట్టుకుని ఎలా వదులుతాడు?

లోపల ఛాతీ దాకా నీళ్ళు. తోడయ్య తల వంచాడు, తోడాడు. "ఎవరి కొడుకువో బాబూ," అన్నాడు సీట్లో ఉన్నాయనతో. "బయపడకు. నానెక్కడికీ పోను." అల వచ్చింది. తోడినదంతా మళ్ళీ నిండింది. తల వంచాడు, తోడాడు. రెండో అల వచ్చి మళ్ళీ నింపింది. తల వంచాడు, తోడాడు. మూడో అల తల మీంచి పోయింది. పైన తీగలో ఒక పురి తెగింది.

మళ్ళీ తల వంచబోయి ఆగాడు. ఆ రోజు కూడా ఇలాగే వంచాడు కదా! ఈసారి తలెత్తాడు. దూరంగా పడవలు, వాటిలో తన ఊరి మొహాలు. అన్న పెట్టిన కేకే తనూ పెట్టాడు.

"తోడు రండిరా!"

గాలి మళ్ళీ సగం మాట మింగేసింది. కొందరికి తోడమని వినపడింది. కొందరికి తోడు రమ్మని వినపడింది. ఏది వినపడినా వెళ్ళాల్సింది అక్కడికే. శవం మీద భయం ఎటు పోయిందో, పడవలన్నీ గద్దని చుట్టేశాయి. డబ్బాలు పట్టినవాళ్ళు డబ్బాలతో, చద్దికుండలు తెచ్చుకున్నవాళ్ళు కుండలతో, ఏమీ లేనివాళ్ళు దోసిళ్ళతో తోడారు. నీళ్ళు పోయాయి, ఇసక పోయింది. బార్జి నెమ్మదిగా నిటారైంది. సరంగు ఏడుస్తూనే తీగ చుట్టాడు. గద్ద బార్జి మీద వాలాక వాన మొదలైంది.

దిగమంటే తోడయ్య దిగలేదు. "ఒడ్డు రానీండి," అన్నాడు. ఒడ్డు వచ్చేదాకా ఆ సీటు పట్టుకునే కూర్చున్నాడు. సిపాయిలు వచ్చి వందనం చేసి, ఆ ఎముకల్ని మట్టిలో కలిపేదాకా పక్కనే ఉన్నాడు. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి, మూడుసార్లు మారు అడిగి అన్నం తిన్నాడు. తల్లి గుమ్మంలో నిలబడి కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

ఆ తర్వాత చాలాకాలం బతికి, ముసలివాడై, తన చాప మీదే పోయాడు. ఆ రోజు ఒక్క పడవా కదల్లేదు. ఊరంతా వచ్చి పక్కన కూర్చుంది.

ఇనప గద్ద ఇప్పుడు మ్యూజియంలో మిలమిల్లాడుతోంది. సీటు కింద సొట్టలు పడ్డ రేకు డబ్బా ఒకటుంటుంది. మృణాళిని పెట్టించింది. అది విమానంలో ఏ భాగమని పిల్లలు అడుగుతుంటే చెప్పలేక కాపలావాళ్ళు విసుక్కుంటారట.

గవ్వలపేటలో ఎవర్ని అడిగినా చెబుతారు. అక్కడ ఇప్పటికీ పడవ నీళ్ళలోకి దిగేముందు, అడుగున చుక్క నీరు లేకపోయినా, మూడు డబ్బాలు తోడినట్టు చేస్తారు. చుక్కాని దగ్గరివాడు "తోడున్నాడా?" అని అడుగుతాడు. తోడేవాడు "ఉన్నాడు" అంటాడు. కథలన్నీ కంచికి పోతాయంటారు గానీ, ఈ కథ రోజూ సముద్రం మీదికి పోయి రోజూ తిరిగొస్తుంది. నడిసముద్రంలో ఎవడైనా తల వంచుకుని నీళ్ళు తోడాడో, పెద్దవాళ్ళు వీపు మీద ఒక్కటి చరిచి చెబుతారు.

"తలెత్తి తోడరా! ఎవుడు పిలుస్తన్నాడో సూడు!"