ఒక్కసారి ఓయ్ అనండి

"రేపటి నుంచి నలభై రోజులు మౌనవ్రతం పడుతున్నాను గురువుగారూ. ఎవరేమడిగినా పెదవి విప్పను. ఇంతకంటే గొప్ప నియమం ఉందాండీ?" అని అడిగాడు విరూపాక్షం. ఆ అడగడంలోనే సగం గొప్ప ఒలికింది. వాడి నోరు నలభై రోజులు మూతపడితే అది లోకకల్యాణమేనని మేమంతా లోలోపల నవ్వుకున్నాం. మా గురువు సుందరేశంగారు మాత్రం నవ్వలేదు. మాకెన్నడూ చెప్పని సంగతి ఒకటి చెప్పారు.

ముప్ఫయ్యేళ్ళ వయసులో ఆయన యాత్రా బస్సులో హిమాలయాలకు వెళ్ళారట. అదే బస్సులో కోనసీమ కొబ్బరిరైతు ఒకాయన, బుల్లెబ్బాయిగారని, ఉన్నాడు. ఆయనకు కళ్ళల్లో నీటికాసులు. చూపు ఏడాది కూడా ఆగదని డాక్టరు చెప్పేశాడు. "ఈ కళ్ళు ఆరిపోయేలోగా మంచుకొండని ఒక్కసారి చూసేత్తే చాలండి బాబూ, ఇంకేం వద్దు" అని దారిపొడుగునా అందరికీ చెప్పుకునేవాడు.

శిఖరం కనబడే మిట్టకు ఒక పూట నడక. బురద చూసి మిగతావాళ్ళు బస్సు దిగలేదు. వీళ్ళిద్దరే పొద్దున్నే బయల్దేరారు. శిఖరం కంటబడేదాకా మాట్లాడనని సుందరేశంగారు మనసులోనే వ్రతం పట్టారు. పైకి చెబితే ఫలం తగ్గుతుందట! కింద మోకాలి లోతు బురద, పైన మంచు. ముసలాయన జారుతూ, దేవుణ్ణి తిడుతూ, వెంటనే లెంపలేసుకుంటూ వెనకే వచ్చాడు. ఇంకో అరమైలు ఉందనగా మబ్బు కమ్మేసింది. వెనక, దారి రెండుగా చీలిన చోట నుంచి ముసలాయన కేక వినబడింది.

"ఎటండీ బాబూ? ఏమీ అగుపట్టం లేదు. ఒక్కసారి ఓయ్ అనండి, ఆ గొంతు పట్టుకుని వచ్చేత్తాను!"

సుందరేశంగారు ఆగి చెయ్యి ఊపారు. ఆ మబ్బులో, ఆ కళ్ళకు, చెయ్యేం కనబడుతుంది? చప్పట్లు కొట్టినా సరిపోయేది. అదీ తోచలేదు. వెనక్కి వెళ్ళి తీసుకురావచ్చు, కానీ ఎక్కిన ఎత్తు దిగడానికి కాళ్ళు ఒప్పుకోలేదు. నాలుగుసార్లు పిలిచి ఆ గొంతు ఆగిపోయింది. వస్తాడులే అనుకుని ఆయన ముందుకు నడిచారు.

మిట్ట ఎక్కేసరికి మబ్బు విడిపోయింది. ఎదురుగా శిఖరం మొత్తం తెల్లగా నిలబడి ఉంది. వ్రతం తీరింది గనక ఆయన గొంతు చించుకుని అరిచారు. "బుల్లెబ్బాయిగారూ! ఇటే, రండి!" పలికినవాళ్ళు లేరు. పావుగంటకు మబ్బు మళ్ళీ మూసుకుంది.

ఆయన దిగి వచ్చేసరికి కింద టీకొట్టు దగ్గర ముసలాయన, మొల దాకా బురదతో, ఎవరెవరినో బతిమాలుతున్నాడు. ఈయన్ని చూసి భోరుమని ఏడ్చి కావలించుకున్నాడు. "పలక్కపోయేసరికి లోయలో పడిపోయారనుకున్నానండీ! మనుషుల్ని తీసుకెళ్దామని పరుగెత్తుకొచ్చేశాను" అన్నాడు. కాసేపటికి కళ్ళు తుడుచుకుని, "కొండ కనబడిందాండీ? ఎలా ఉంది? చెప్పండి బాబూ" అన్నాడు. మర్నాడు తెల్లవారకముందే బస్సు తిరుగుప్రయాణం కట్టింది. ఏడాది తిరక్కుండా ఆయన చూపు పోయిందని కార్డు వచ్చింది.

విరూపాక్షం ముందుకు జరిగాడు. "ఎలా ఉందని అడిగితే, మీరేం చెప్పారండీ?" అన్నాడు.

"వ్రతం అప్పటికే తీరిపోయింది నాయనా," అన్నారు గురువుగారు. "అయినా చెప్పడానికి నోరు రాలేదు."