రొక్కవెర్నా చెప్పుల మాత వెలసిన వైనం

ఇటలీ దేశం నడిమి భాగంలో, ద్రాక్షతోటల మధ్య ఒంటరిగా లేచిన గుట్ట మీద రొక్కవెర్నా నగరం ఉంది. రైలు దిగినవారికి కొండ కింద బస్సు దొరుకుతుంది. అయినా మాత దర్శనానికి వచ్చే తెలుగువారు నడిచే ఎక్కుతారు. కింది కోట ద్వారం నుంచి పెద్దగుడి ముంగిలి వరకు నూట నలభై మెట్లు, వాటి మధ్య పదకొండు సందులు. ఏ సందు చూసినా కాల్చిన ఇటుక రంగు గోడలే, పచ్చ తలుపుల కిటికీలే. కొత్తవారు ఒకసారైనా దారి తప్పుతారు. కంగారు పడవద్దు. దారి తప్పినవారి కోసమే ఈ తల్లి ఇక్కడ నిలిచి ఉంది.

పెద్దగుడి వెనక వైపు, బావి సందు మలుపులో, మనిషి ఎత్తున గోడలో ఒక గూడు కనిపిస్తుంది. లోపల సున్నపు పూత మీద గీసిన మరియమాత, చంకలో బాలయేసు. వానలకు రంగు కరిగి తల్లి ముఖం మసకబారింది గాని పాదాలు ఇప్పటికీ స్పష్టంగా ఉన్నాయి. చెప్పులు లేని పాదాలు. ఊరివారు తమ భాషలో ఈమెను మలుపు తల్లి అంటారు. మనవారికి మాత్రం ఈమె చెప్పుల మాత. బూట్లతోనే గుడిలోకి నడిచే దేశంలో, ఈ ఒక్క మలుపులో మాత్రం జనం చెప్పులు ఎందుకు విడుస్తారు? అడగవలసిన ప్రశ్నే. దానికి జవాబు ఈ కథ.

పూర్వం ఇక్కడ ఒక స్త్రీ నిలబడింది. పూర్వం అంటే యుగాల మాట కాదు, ముప్పై ఏళ్ళ కిందటి మాట. ఆమె తపస్విని కాదు, రాణి కాదు. పల్నాటిలో రెండెకరాల మిరపతోట చేసుకునే రైతు భార్య, దుగ్గింపూడి శౌరీలమ్మ. ఆమె భర్త ఇన్నారెడ్డి. వారి ఊరి చర్చి చూసుకునే విచారణ గురువు ఫాదర్ జోజప్ప ముప్పై ఇద్దరు యాత్రికులను కూడగట్టుకుని రోముకు బయలుదేరినప్పుడు, ఆ దంపతులు కూడా పేర్లు ఇచ్చారు. రోము చేరే ముందురోజు బస్సు రొక్కవెర్నా కింద ఆగింది. మధ్యాహ్నం రెండుకల్లా బస్సు కదలాలి. అప్పటిదాకా నగరమంతా కాలినడకన చూడవచ్చని ఫాదర్ చెప్పాడు.

ఇన్నారెడ్డికి చక్కెర వ్యాధి. పొద్దున ఏడింటికి సూది వేసుకున్నాడు. ఒంటిగంటకల్లా నోట్లో ముద్ద పడాలి, లేకపోతే చెమటలు పట్టి మాట తడబడుతుంది. అటుకులు, బిస్కట్లు, చక్కెర పొట్లం అన్నీ శౌరీలమ్మ సంచిలోనే ఉన్నాయి. అంతకంటే పెద్ద బెంగ ఆయన పాదాలది. ఎడమకాలి వేళ్ళకు స్పర్శ పోయి రెండేళ్ళయింది. ఒట్టికాళ్ళతో నడిస్తే పుండు పడినా తెలియదని, అది ముదిరితే కాలు తీయవలసి వస్తుందని డాక్టరు చెప్పాడు. చక్కెర రోగుల కోసం చేసే మెత్తటి రబ్బరు చెప్పులు ఇప్పించాడు. ఎడమ చెప్పు పట్టీ తెగితే శౌరీలమ్మే మిరపకాయల గోతం కుట్టే పురికొసతో కుట్టింది. ఆ కుట్టు మీద ఎర్రటి మరక ఎన్ని నీళ్ళు పోసినా పోలేదు.

పెద్దగుడి ముంగిట్లో ఇన్నారెడ్డి ఆ చెప్పులు విడిచాడు. మిగిలిన ముప్పై ఒక్కమందీ ఆ దేశపు పద్ధతి చూసి బూట్లు, చెప్పులతోనే లోపలికి వెళ్తున్నారు.

"అందరూ ఏసుకునే పోతన్నారు గదయ్యా. నువ్వూ పో. రాళ్ళు కాలతన్నయ్," అంది శౌరీలమ్మ.

"దేవుడి ముందరికి చెప్పులతోనా? మన గుడిలో పోతావటే?"

"ఈడ మన గుడి యాడుంది? పది మందిలో పరువు తీయబాక."

ఆయన చెప్పులు రెండూ జతగా మెట్టు పక్కన సర్ది లోపలికి వెళ్ళాడు. పరువు అన్న మాటను ఆమె గుడి దాటక ముందే మరిచిపోయింది. ఆయన మరవలేదు.

ఆ గుడికి ఏడు తలుపులు. దారి చూపే మనిషి జనాన్ని పక్క తలుపు నుంచి బయటికి తీసి గడియార స్తంభం వైపు నడిపించాడు. చెప్పులు ముందు తలుపు దగ్గర ఉన్నాయని ఇన్నారెడ్డి ఎవరికీ చెప్పలేదు. మళ్ళీ పరువు మాట వస్తుందని చడీచప్పుడు లేకుండా వెనక్కి తిరిగాడు. గడియార స్తంభం దగ్గర తలలు లెక్కపెట్టినప్పుడు ముప్పై ఒక్కటి వచ్చాయి. అప్పటికి పన్నెండు దాటింది.

"మీరు ఈ నీడన కూర్చోండి శౌరీలమ్మా. నేను పోలీసులకు చెప్పి వస్తాను," అన్నాడు ఫాదర్ జోజప్ప.

ఆమె కూర్చోలేదు. ముప్పై ఆరేళ్ళ కాపురంలో సంతకు వెళ్ళినా, తిరునాళ్ళకు వెళ్ళినా, భర్త వీపు చూసుకుంటూ నడిచిన మనిషి ఆమె. ఇప్పుడు ముందు ఏ వీపూ లేదు. మొదటి సందులోకి దిగింది. అది మెట్లై, మెట్లు మరో సందై, చివరికి ఒక రాతి తొట్టి దగ్గర తేలింది. కుడికి తిరిగి నడిస్తే కాసేపటికి అదే తొట్టి. ఎడమకు తిరిగినా అదే తొట్టి. సంచిని పొట్టకు అదుముకుంది. సంచిలో ఆయన తిండి ఉంది, ఆయన లేడు. యాత్రికుల మెడలో వేసే బొమ్మ చీటీల్లో ఆయనది కూడా ఆ సంచిలోనే ఉంది, తాడు ఒరుసుకుంటోందని పొద్దున్నే తీసి ఇచ్చాడు. దాని మీది ఫొటో కనబడినవారికల్లా చూపించింది. తలలు అడ్డంగా ఊగాయి. అంతలో ఆ దేశపు మధ్యాహ్న విశ్రాంతి వేళ అయింది. ఒక్కొక్క దుకాణమే తలుపు దించుకుంది. అడగడానికి మనుషులే లేకుండా పోయారు. పైన ఎక్కడో గంట ఒక్కసారి మోగింది.

ఒంటిగంట.

అప్పుడు ఆమెకు మాత దర్శనమైందని కొందరు చెబుతారు. కాలేదు. ఆమెకు గుర్తుకొచ్చింది ఫాదర్ జోజప్ప గొంతు. తమ ఊరి తిరునాళ్ళలో ఆయన ఏటా మైకులో చెప్పే మాట: తప్పిపోయినవారు తిరగవద్దు, చెప్పులు విడిచిన చోట నిలబడండి, మీవాళ్ళు అక్కడికే వస్తారు. చెప్పులు లేకుండా ఎవరూ ఇంటికి పోరు గదా. ఇన్నారెడ్డి తిరునాళ్ళలో రెండుసార్లు తప్పిపోయాడు. రెండుసార్లూ చెప్పుల దగ్గరే దొరికాడు.

పడుతూ లేస్తూ పెద్దగుడి ముంగిట్లోకి వచ్చింది. మెట్టు పక్కన చెప్పులు లేవు.

వేసుకుని వెళ్ళాడా? అయితే ఎటు? ఎవరైనా తీసుకుపోయారా? అయితే ఒట్టికాళ్ళతో ఈ కాలే రాళ్ళ మీద ఎక్కడ తిరుగుతున్నాడు? ఆమె అక్కడే కూలబడింది. ఎదురింటి ముందు పూలకుండీలకు నీళ్ళు పోస్తున్న ఒక ముసలామె అది చూసి దగ్గరికి వచ్చింది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. శౌరీలమ్మ తన చెప్పులు చూపించి, ఖాళీ మెట్టు చూపించి, చేతులు చాపింది. ముసలామెకు అర్థమైంది. చేయి పట్టుకుని గుడి చుట్టూ తిప్పి బావి సందు మలుపుకు తీసుకువచ్చింది.

గూటిలో ఈ తల్లి. కింద రాతి పలక మీద ఒక గొడుగు, ఒక పసిబిడ్డ టోపీ, ఏదో ఇంటి తాళంచెవి. ఆ వీధుల్లో దొరికిన వస్తువులన్నీ పోగొట్టుకున్నవారి కోసం అక్కడ పెట్టడం ఊరి అలవాటు. వాటి పక్కన ఎర్ర మరక పురికొస కుట్టుతో ఇన్నారెడ్డి చెప్పులు.

దొరికాయన్న సంతోషం రెప్పపాటు కూడా నిలవలేదు. చెప్పులు ఇక్కడ ఉంటే, ఆయన ఒట్టికాళ్ళతో ఉన్నాడు. పైగా ఇవి ఇక్కడ ఉన్నాయని ఆయనకు తెలియదు. మరి ఇక్కడ నిలబడి ఏం లాభం? వెతుకుతూ పోతే? పోయిన క్షణంలోనే ఆయన ఇక్కడికి వస్తే? చెప్పులు కనబడితే వేసుకుని మళ్ళీ తననే వెతుకుతూ పోతాడు. రెండడుగులు వేసి వెనక్కి వచ్చింది. మళ్ళీ వేసింది, మళ్ళీ వచ్చింది. చివరికి తన చెప్పులు విడిచి ఆయన చెప్పులకు ఆనించి పెట్టింది. ఒక్క జతే కనిపిస్తే తొడుక్కుని పోతాడు, రెండు జతలు కనిపిస్తే ఆగుతాడు. అంతే ఆమె ఆలోచన. ఆ కాలే రాయి మీద ఒట్టికాళ్ళతో నిలబడి జపమాల తీసింది. మరియమ్మకు చెప్పే మంగళవార్త జపం సగంలో ఆగిపోయేది. మళ్ళీ మొదలుపెట్టేది. ఏ అడుగుల చప్పుడైనా ఆయనదే అనిపించేది. ఏదీ ఆయనది కాలేదు.

రెండు కావస్తుండగా, ఆమెనూ వెతుక్కుంటూ ఫాదర్ జోజప్ప చెమటలు కక్కుతూ వచ్చాడు.

"అమ్మా, పోలీసులు వెతుకుతున్నారు. బస్సు ఆగదు. రేపు పొద్దున రోములో పోపుగారి దర్శనం పోతే ముప్పై మంది ఉసురు నాకు తగులుతుంది. మీరు వచ్చెయ్యండి."

"రాను ఫాదరు."

"ఒక్కరే ఇక్కడ ఏం చేస్తారు?"

"నిలబడతా. చెప్పుల కాడ నిలబడమని మైకులో ఏటేటా చెప్పింది ఎవురు? మీరు గాదా?"

"అది మన తిరునాళ్ళమ్మా! ఇది ఇటలీ!"

"మనిషి తప్పిపోయినాక యాడైతే ఏంది ఫాదరు? ఆడ నిజమైంది ఈడ అబద్ధమైతదా?"

ఫాదర్ కిందికి చూశాడు. ఆమె పాదాల కింద రాయి పొగలు కక్కుతోంది, ఆమె కదలడం లేదు. ఆయన కిందికి వెళ్ళి యాత్రికులను దారి చూపే మనిషికి అప్పగించి బస్సు పంపేశాడు. తిరిగి వచ్చి, తన బూట్లు విప్పి, మూడో జతగా ఆనించి ఆమె పక్కన నిలబడ్డాడు.

రెండున్నర దాటాక మలుపు కింది నుంచి చక్రాల చప్పుడు వినిపించింది. వీధులు ఊడ్చే దోనాతో అనే అతను తన చెత్తబండిని తోసుకుంటూ మెట్ల పక్క వాలు ఎక్కుతున్నాడు. బండి కడ్డీని పట్టుకుని వేలాడుతున్నట్టు నడుస్తున్నాడు ఇన్నారెడ్డి. కాళ్ళకు ఆ దోనాతో ఇచ్చిన చేతి తొడుగులు, ఊడ్చేటప్పుడు వేసుకునే పచ్చ రబ్బరువి. నడిచేటప్పుడు వాటి వేళ్ళు టపటపలాడుతున్నాయి. పొద్దున గుడి మెట్ల దగ్గర చెప్పులను చూసి, ఎవరో పోగొట్టుకున్నారనుకుని, అలవాటు ప్రకారం ఈ తల్లి దగ్గర పెట్టింది ఆ దోనాతోయే. మెట్టు దగ్గర చెప్పులు కనబడకపోయేసరికి, ఊడ్చేవాడెవడో బండిలో వేసుకుపోయాడనుకుని, కనబడిన చెత్తబండి వెనకల్లా పడి, ఇన్నారెడ్డి కింది కోట ద్వారం దాకా ఒట్టికాళ్ళతో తిరిగాడు. అక్కడ అరుగు మీద కూలిన ఇన్నారెడ్డి పాదాలు చూసినప్పుడే దోనాతోకు పొద్దుటి జత గుర్తుకొచ్చింది.

ఇన్నారెడ్డి మొహమంతా చెమట. పలక మీది రెండు జతలను చూసి ఆగాడు. పక్కన ఫాదర్ బూట్లను చూశాడు. ఏదో అనబోతే నాలుక తిరగలేదు. శౌరీలమ్మ చక్కెర పొట్లం చింపి ఆయన నోట్లో పోసింది. అటుకులు పోసింది. కాసేపటికి మాట వచ్చింది.

"పరువు తీశానా ఏందే?"

"నోరు మూసుకొని నమలయ్యా," అంది ఆమె. అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు అప్పుడు వచ్చింది.

కొందరు ఈ కథను ఇంకో రకంగా చెబుతారు. చెప్పులు గుడి మెట్ల నుంచి వాటంతట అవే నడిచి తల్లి పాదాల దగ్గరికి చేరాయంటారు. నడవలేదు. దోనాతో తెచ్చాడు. అంతమాత్రాన మహిమ తగ్గుతుందా? తనది కాని వస్తువును తనది కాదని తెచ్చి పెట్టినవాడు ఒకడు, బస్సు పోయినా కదలని మనిషి ఒకతె, తన మాటకు తానే కట్టుబడి బూట్లు విప్పిన గురువు ఒకడు. ఈ ముగ్గురూ ఒకే మధ్యాహ్నం ఒకే మలుపులో కలవడం కంటే పెద్ద అద్భుతం ఏమి కావాలి? ఇన్నారెడ్డి మునుపటిలా అయ్యాడని చెప్పేవారి మాటా నమ్మవద్దు. ఎడమకాలి బొటనవేలు తీయవలసి వచ్చింది. కాలు మిగిలింది. మనిషి మిగిలాడు. ఆ తరవాత పందొమ్మిదేళ్ళు శౌరీలమ్మ ముందు నడిచింది, ఆయన ఆమె వీపు చూసుకుంటూ నడిచాడు.

ఫాదర్ జోజప్ప మరుసటేడు తెచ్చిన యాత్రికులు ఈ మలుపులో చెప్పులు విడిచారు. అప్పటి నుంచి అది ఆచారమైంది. వచ్చినవారు తమ జతను ముందే ఉన్న మరొక జతకు ఆనించి పెట్టాలి. ఒంటరిగా పెట్టకూడదు. ఎవరూ లేని వేళ వచ్చినవారి కోసం ఊరివారే ఒక పాత రబ్బరు జతను పలక మీద ఎప్పుడూ ఉంచుతారు. ఒట్టికాళ్ళతో నిలబడి పది మంగళవార్త జపాలు చెప్పుకోవాలి, మధ్యలో ఎవరు పిలిచినా కదలకూడదు. చక్కెర వ్యాధి ఉన్నవారు మాత్రం మేజోళ్ళు విప్పవద్దు. ఇది శౌరీలమ్మ పెట్టిన నియమం. పలక మీద బిస్కట్లు, చక్కెర ఉంటాయి. ఆకలైనవారు అడగకుండా తీసుకోవచ్చు, ఉన్నవారు పెట్టి పోవచ్చు.

ఈ కథ చదివినవారికి, విన్నవారికి, దారిలో తోడు వదలదు. తప్పిపోయినవారు దొరుకుతారు. వెతికేవారి కాళ్ళలో బలం ఉంటుంది. కోపంలో అన్న మాట ఇంటికి చేరేలోగా మాసిపోతుంది. ఆఖరున ఒక్క మనవి. దర్శనమయ్యాక ఇక్కడ ఎవరి చెప్పులు వారు తొడుక్కుని వెళ్ళిపోరు. తొడుక్కుని, పక్కకు జరిగి, ఆగుతారు. గుంపులో ఆఖరి మనిషి ఆఖరి చెప్పు తొడుక్కునే వరకు ఏ బస్సూ కదలదు.