తలారికి తలారి ఎవరు?

ఏడు సముద్రాల అవతల, ఎండ మొహమెరగని స్కాట్లాండు కొండసీమలో, పూర్వం ఒకానొక జమీందారు ఉండేవాడు. పేరు డన్‌కారన్ ప్రభువు. భూములూ ఆయనవే, తీర్పులూ ఆయనవే. తెల్ల విగ్గు పెట్టుకుని, పక్కన ద్రాక్షసారా సీసాతో న్యాయపీఠం ఎక్కేవాడు. ఉరిశిక్ష వేస్తూ ఛలోక్తులు విసరడం ఆయనకు మహా సరదా.

ఆ సీమలో ఒక ఆచారం ఉండేది. మరణశిక్షను తలారి సభలో నిలబడి పైకి చాటాలి. చాటినవాడే ఉరి తియ్యాలి. చాటకపోతే శిక్ష చెల్లదు.

తలారి పేరు నినియన్. ఒకప్పుడు అతనికీ ఉరిశిక్షే పడింది. ఆ కొలువుకు ఎవరూ రాకపోవడంతో, తలారిగా ఉంటే బతకనిస్తామన్నారు. ప్రాణం తీపి, ఒప్పుకున్నాడు. ఆనాటినుంచీ ఊళ్ళో ఎవరూ అతని చేతి మంచినీళ్ళైనా ముట్టలేదు.

ఒకనాడు డూగల్ అనే కౌలురైతును బోనెక్కించారు. గొర్రెల మేతకోసం ప్రభువు అతని గుడిసె కూలగొట్టించాడు. పిల్లలు ఆకలికి అల్లాడుతుంటే డూగల్ ఆ గొర్రెల్లోనే ఒకదాన్ని కోశాడు. ఫిర్యాదీ ప్రభువే, తీర్పరీ ప్రభువే. ఇక చెప్పేదేముంది!

"మా గొర్రె బాగా ఒంటబట్టినట్టుంది. తాడు తెగకుండా చూడరా!" అని ప్రభువు ఎముకల గూడులాంటి డూగల్‌ను చూసి నవ్వాడు. "ఊఁ, చాటు!" అని తలారికేసి తిరిగాడు.

నినియన్ డూగల్ వంక చూశాడు. అడ్డంగా తలూపాడు.

"చాటవూ? నీ పాత శిక్ష ఇప్పుడే అమలు చేయిస్తాను!"

"చిత్తం దొరా. కానీ నన్ను ఉరితీసేదెవరు? సీమంతటికీ తలారిని నేనొక్కణ్ణే గదా!"

ప్రభువు సభకేసి చూశాడు. అందరూ తలలు దించుకున్నారు.

"అయితే నేనే చాటుతాను!" అంటూ లేచాడు.

నినియన్ భుజం మీది తాడు తీసి వినయంగా ఆయన ముందు పెట్టాడు. "తమ దయ. ఉరికంబం నిచ్చెన ఎక్కేటప్పుడు విగ్గు జాగ్రత్త దొరా, పైన గాలెక్కువ."

ఎవరో కిసుక్కుమన్నారు. ప్రభువు మొహం కందగడ్డయింది. తాడువంక చూశాడు, ముట్టుకోలేదు. ఉన్నట్టుండి పకపకా నవ్వాడు. ఆయన నవ్వాడు గనక అందరూ నవ్వారు. ఉరి కాస్తా దేశబహిష్కారమైంది. పెళ్ళాంబిడ్డల్ని చూడకుండానే డూగల్ ఓడెక్కాడు. పోనీ, ప్రాణం దక్కింది.

"శభాష్! నీలాంటివాణ్ణి వదులుకుంటానా?" అన్నాడు ప్రభువు. "బతికున్నంతకాలం ఈ కొలువు నీదే. పైగా నీకొక సహాయకుణ్ణి కూడా ఇస్తున్నాను. చెరసాలలో ఉరికి ఎదురుచూసేవాళ్ళలో ఎవడో ఒకడు ఒప్పుకోకపోడు."

మర్నాడే ఒకడు ఒప్పుకున్నాడు. నినియన్ అతనికి ముడి వెయ్యడం నేర్పాడు. నేర్చుకుంటున్నంతసేపూ వాడి చూపు నినియన్ మెడమీదే ఉంది.

ఆ తర్వాతి తీర్పును నినియన్ తడబడకుండా చాటాడు.