కాశీలో వదిలినది

అనకాపల్లిలో దాలినాయుడనే బెల్లం వ్యాపారి ఉండేవాడు. మనిషి మంచివాడే గానీ, నోట్లోకి ముద్ద వెళ్ళాలంటే ముందు నోట్లోంచి ఒక సణుగుడు రావలసిందే. అంబలి పల్చనైందనేవాడు, పులుసు చిక్కనైందనేవాడు. వాన పడితే బురదని, పడకపోతే ఉక్కని విసుక్కునేవాడు. దేవుడి ప్రసాదానికి కూడా వంక పెట్టిన ఘనుడు! ఆయన భార్య అప్పలనరసమ్మ నలభై ఏళ్ళు ఇవన్నీ విని విని, వంట చేస్తూ పాడుకునే అలవాటు కూడా మానేసింది.

అరవై దాటాక ఇద్దరూ కాశీకి వెళ్ళారు. కాశీకి వెళ్ళినవాళ్ళు గంగలో నిలబడి, తమకు ఇష్టమైనది ఒకటి వదిలిపెట్టాలి. వదిలినదాన్ని బతికినంతకాలం ముట్టకూడదు. దాలినాయుడు ఏం వదలాలో ఊళ్ళోనే నిశ్చయించుకుని వచ్చాడు.

"కాకరకాయ వదిలేస్తాను" అన్నాడు, దోసిట్లో నీళ్ళు పట్టుకుని.

తెలుగు తెలిసిన పురోహితుడు నవ్వాడు. "కాకరకాయంటే అంత ఇష్టమా, నాయనా?"

"ఇష్టమేటండీ, చేదు విషం!"

"నీకు అక్కర్లేనిది గంగమ్మకెందుకు? ఇష్టమైనది చెప్పు."

"నాకు ఇష్టమైనదేదీ లేదండీ."

నరసమ్మకు ఒళ్ళు మండింది. "అయితే కాఫీ వదిలెయ్యండి. రోజూ కషాయంలా ఉందంటారు కదా!"

"పొద్దున్నే అది పడకపోతే నేను మనిషినేనా?"

"పోనీ, నా నువ్వుల పచ్చడి?"

"అమ్మో! అదొక్కటుంటే ఇంకేం కూర కావాలే?"

"సాయంత్రం అరుగు మీద కూర్చోవడం మానెయ్యండి. దోమలని ఒకటే తిడతారు."

దాలినాయుడు తన ఇంటి అరుగును తలుచుకున్నాడు. ఆ అరుగు, ఆ చల్లగాలి, పక్కన చిక్కుడుకాయలు ఒలుస్తూ నరసమ్మ. అవి లేని సాయంత్రం ఎలా ఉంటుందో ఆయనకు ఊహకే అందలేదు. 'ఇన్ని ఇచ్చావా తండ్రీ నాకు!' అనుకున్నాడు. కళ్ళు చెమర్చాయి. దోసిట్లో నీళ్ళు కారిపోయాయి.

"ఇంక మిగిలింది నేనే" అంది నరసమ్మ. "నాతో వేగలేనని నలభై ఏళ్ళుగా అంటున్నారు. నన్నే వదిలేస్తారా?" మాట ఎగతాళిగానే మొదలైంది గానీ, చివరికి ఆమె నవ్వలేకపోయింది.

దాలినాయుడు ఆమె ముఖంలోకి చూశాడు. "నువ్వు పాడుకునేదానివి కదే! ఈ మధ్య వినిపించడం లేదేం?"

"ఎవరికి నచ్చిందని పాడను?"

ఆ మాట ఆయనకు సూటిగా తగిలింది. వంగి మళ్ళీ దోసిలి నింపుకున్నాడు.

"సణుగుడు వదిలేస్తున్నాను పంతులుగారూ. ఇన్నేళ్ళూ దాన్ని ప్రేమించినంతగా ఇంక దేన్నీ ప్రేమించలేదు" అని నీళ్ళు గంగలోకి విడిచాడు.

"చాలా పెద్దదే వదిలావు, నాయనా" అన్నాడు పురోహితుడు.

తిరుగు రైల్లో నరసమ్మ తాను కలిపి తెచ్చిన పులిహోర పొట్లం విప్పింది. అందులో ఉప్పు ఎక్కువైంది. దాలినాయుడు నోరు తెరిచాడు, మళ్ళీ మూసుకున్నాడు. నెమ్మదిగా నమిలాడు. ఆవ ఘాటు ముక్కుకెక్కింది, వేరుశెనగపప్పు కరకరలాడింది. కిటికీలోంచి గాలి హాయిగా తగులుతోంది. ఇంతకాలం ఇవన్నీ ఎక్కడికి పోయాయా అని ఆశ్చర్యపోయాడు.

"ఉప్పెక్కువైందేమో?" అంది నరసమ్మ భయం భయంగా.

"ఆకలి అంతకన్నా ఎక్కువుంది. ఇంకో పిడికెడు పెట్టు" అన్నాడు దాలినాయుడు.

నీతి: ఉన్నదాని విలువ అది పోయాక కాదు, ఉండగానే తెలుసుకోవాలి, సణుగుడు మానినవాడికే బతుకు రుచి తెలుస్తుంది.