రాజుగారి తోటలో ఒక్క ముద్ద

వేగినగరం రాజు మార్తాండ భూపతికి తోటల పిచ్చి. ఉన్నవి చాలక ఊరవతల ఇంకోటి వేయించాడు. అది మామూలు తోట కాదు. రంగులరాట్నం, ఏనుగు తొండంలా దిగే జారుడుబండ, నెమలి నోట్లోంచి నీళ్ళు చిమ్మే కొలను, వరసగా ఉయ్యాలలు. తూర్పు గుమ్మంలో దూరితే పడమటి గుమ్మంలో బయటపడేసరికి ఒక పూట గడిచిపోద్ది. దారంతా నల్లరాయి పరిపించాడు. మొహం చూసుకోవచ్చు, అంత నునుపు.

ఆ రాయి దగ్గరే వచ్చింది తంటా.

దండనాయకుడు భైరవ నాయుడు మీసం దువ్వుకుంటా లేచాడు. "ప్రభూ, జనం పిల్లల్ని తోపుడుబండ్లలో కూచోబెట్టుకొస్తారు. చక్రాలకి రాయి గీతలు పడిపోద్ది. పల్లకీలూ వద్దు. చంకనెత్తుకోవడం అసలే వద్దు. నడిస్తేనే కదా రేపు సైనికులయ్యేది."

రాజుకి ఆ మాట నచ్చేసింది. చక్రం, పల్లకీ, చంక, మూడూ లేవని చాటింపు వేయించాడు.

ఇంకేముంది, పిల్లల తల్లులంతా గుమ్మం దగ్గర్నుంచే వెనక్కి. సభలో కబుర్లు చెప్పి నవ్వించే కూనప్ప కూడా మనవరాలిని భుజాన వేసుకుపోయి, అలాగే తిరిగొచ్చాడు. తోట వేస్తున్నప్పుడే, రాట్నం ఎక్కిస్తానని ఆ పిల్లకి మాటిచ్చింది వాళ్ళ నాయనమ్మ నరసమ్మ. ఆవిడ పోయి ఏడాది కాలేదు. పిల్ల మాత్రం రోజూ అన్నం దగ్గర అడుగుద్ది, "తాతా, రాట్నం ఎప్పుడు?" అని. అడిగినప్పుడల్లా కూనప్ప "రేపమ్మా" అంటాడు.

మర్నాడు సభలో ఆ మాట ఎత్తాడు. "ప్రభూ, చాటింపు వెనక్కి తీసుకోండి. చిన్నపిల్లలు అంత దూరం నడవరు."

"నడవరా, నడిపించడం నీకు చేతకాదా?" అన్నాడు భైరవ నాయుడు.

రాజుకి సరదా పుట్టింది. ఆయన మనవడు చిన్నబాబుకి మూడేళ్ళు. "సరే. వీణ్ణి ఎత్తుకోకుండా, ఏడిపించకుండా, ఈ గుమ్మం నుంచి ఆ గుమ్మం దాకా ఎవరు నడిపిస్తే వాళ్ళు అడిగింది ఇస్తా. నేనూ వెనకాలే నడిచి చూస్తా."

ముందు భైరవ నాయుడు దిగాడు. ముందో డప్పు, వెనకో డప్పు. "కుడి, ఎడమ. కుడి, ఎడమ."

చిన్నబాబు మొదటి ఉయ్యాల దాకా బాగానే నడిచాడు. అక్కడ చతికిలబడ్డాడు.

"ఎత్తుకో."

"రాజుబిడ్డలు అలా అనకూడదు బాబూ."

"అయితే నువ్వు పో."

అని రాతి మీద బోర్లా పడుకుని, అందులో కనపడే తన మొహానికి తనే నాలిక చూపిస్తా ఉండిపోయాడు. భైరవ నాయుడు బతిమాలాడు, కళ్ళెర్రజేశాడు. కళ్ళెర్రజేసేసరికి పిల్లోడు ఎత్తుకున్న రాగం కోటలో వినపడింది.

"ఇది ఎవరివల్లా కాదు," అన్నాడు భైరవ నాయుడు చెమట తుడుచుకుంటా. "కబుర్లాయన ఏం పొడుస్తాడో చూద్దాం."

కూనప్ప, మనవణ్ణి చూడ్డానికొచ్చిన రాణిగారి వైపు తిరిగి దణ్ణం పెట్టాడు. "అమ్మా, సాయంత్రం ఒక గిన్నెలో ముద్దపప్పూ అన్నం, కాస్త నెయ్యేసి ఇప్పించండి. చిన్నబాబుకి ముందు కడుపునిండా పెట్టేశాక."

"తిన్నాక మళ్ళీ అన్నం ఎందుకయ్యా? వాడు ముట్టుకోడు."

"అదే కావాలమ్మా."

భైరవ నాయుడు పకపకా నవ్వాడు. "తిండి చూపించి లాక్కెళ్తాడంట. అదీ తిన్న పిల్లోడిని."

సాయంత్రమైంది. తూర్పు గుమ్మం దగ్గర కూనప్ప గిన్నెలో చెయ్యి పెట్టి, వేళ్ళ కొసలతో చిన్న ముద్ద చేశాడు. నరసమ్మ అలాగే చేసేది. ఆ చేత్తోనే మనవరాలి వెనక వీధి చివరిదాకా పోయేది. కూనప్ప ముద్ద ముందుకు చాపాడు.

"చిన్నబాబూ, ఆం అను నాన్నా. ఒక్క ముద్ద."

పిల్లోడు పెదాలు బిగించి ఒకడుగు వెనక్కేశాడు.

"ఒక్కటే. ఇదే ఆఖరిది."

అంతే. లగెత్తాడు.

ఉయ్యాలల కిందనుంచి దూరాడు. రాట్నం చుట్టూ తిరిగాడు. జారుడుబండ ఎక్కి జారాడు. ఎక్కడ ఆగినా వెనకే గిన్నె, "ఇదే ఆఖరిది నాన్నా" అంటా. మళ్ళీ పరుగు. కొలను గట్టు మీద నుంచి కిలకిలా నవ్వుతా, "నాకొద్దు, తాతకి పెట్టు," అని రాజుని చూపించాడు.

ఆ తాత పొట్ట పట్టుకుని ఎక్కడో వెనకున్నాడు. ఆయన వెనకాల ఇనప కవచంలో గలగలలాడతా భైరవ నాయుడు.

చిన్నబాబు పడమటి గుమ్మం దాటి, వెనక్కి తిరిగి, "రా, పట్టుకో," అన్నాడు. కంట్లో చుక్క నీళ్ళు లేవు.

రాజు వచ్చీ రావడంతోనే మెట్టు మీద కూలబడ్డాడు. "పల్లకీ... ఎవర్రా అక్కడ, పల్లకీ తెండి."

ద్వారపాలకుడు చేతులు కట్టుకున్నాడు. "చక్రం, పల్లకీ, చంక, మూడూ లేవు ప్రభూ. తమరి చాటింపే."

భైరవ నాయుడు రొప్పుతానే అందుకున్నాడు. "ఏదైతేనేం ప్రభూ, నెగ్గింది నా మాటే. పిల్లోడు నడిచాడా లేదా? చాటింపు ఉండాల్సిందే."

కూనప్ప గిన్నె కింద పెట్టాడు.

"పిల్లోడికి బండి ఎందుకు దొరా? బండి కావాల్సింది వెనకాల వచ్చేవాళ్ళకి."

గుమ్మం దగ్గర కాచుకునున్న రాణిగారు ముందు నవ్వింది. రాజుకి నవ్వడానికి ఊపిరి చాల్లేదు, అయినా నవ్వాడు. "అడుగు కూనప్పా, ఏం కావాలో."

"రేపు మా మనవరాలిని బండిలో తెచ్చుకుంటాను ప్రభూ."

"నీ మనవరాలొక్కతేనా? ఊళ్ళో పిల్లలందర్నీ తెచ్చుకోమను. రాయికి గీతలు పడితే పడనీ." అని తన చేతి కంకణం తీసి, పప్పన్నం అంటుకున్న కూనప్ప చేతికే తొడిగాడు.

తొడిగి, మెట్టు మీద నుంచి లేవబోయి, లేవలేక, మళ్ళీ కూచున్నాడు.

"ముందు మాత్రం ఒక తోపుడుబండి నాకు తెప్పించండి. భైరవా, నువ్వే తొయ్యాలి."