కోటిలింగం గారి ముడుల తాడు

పండూ, చెయ్యి ఆపమంటే ఆపాలమ్మా. ఇందాక అన్నాల దగ్గర ఏటి మీద రైలు పోతుంటే ముద్ద నోట్లో పెట్టేసుకున్నావు. నేను గసిరాను, నువ్వు మూతి ముడుచుకున్నావు. ఎందుకాపాలో చెప్పకుండా గసరడం నాదే తప్పులే. రండి, చెరో పక్కన పడుకోండి. చిన్నీ, దుప్పటంతా నువ్వే లాక్కుంటే అక్కకేది? చెప్తాను గానీ ఊ కొట్టాలి. ఊ ఆగితే కథా ఆగిపోద్ది.

అనగనగా అంటే మరీ అంత అనగనగా కాదు. మా తాతయ్య ఇంకా వాళ్ళమ్మ కడుపులో ఉన్నప్పటి మాట. ఊరు కూడా ఎక్కడో లేదు, ఈ ఊరే. నేను పుట్టిందీ ఇక్కడే, మెట్టిందీ ఇక్కడే కదా. ఇందులో రాజుల్లేరు, రాక్షసుల్లేరు. కోటిలింగం గారని ఒకాయన ఉన్నాడు, అంతే. ఆయన మా తాతయ్యకి తాత.

ఆయన పుట్టినప్పుడు ఇంట్లో కుండలో గింజ లేదంట. రైలు కట్ట పోసే రోజుల్లో నెత్తిన మట్టితట్ట పెట్టుకుని మోశాడు. తట్ట మోసినవాడు మేస్త్రీ అయ్యాడు. మేస్త్రీ అయినవాడు కంట్రాక్టరయ్యాడు. కంట్రాక్టరయినవాడు మేడ కట్టాడు, మేడ కట్టినవాడు తలపాగా చుట్టాడు. తలపాగా చుట్టాక మనిషికి మెడ వంగదు, చూడండి, అక్కడే వస్తుంది చిక్కు. ఊ ఏదీ?

అప్పుడు రైలు దొరలు మన ఏటికి వంతెన కట్టాలన్నారు. తొలకరి పడేలోగా ఎవరు పూర్తి చేస్తే వాళ్ళకే అవతల లైను కంట్రాక్టంతా అన్నారు. కోటిలింగం గారు మీసం మీద చెయ్యేసి నేను చేస్తానన్నాడు. ఏట్లో ఉండేది ఇసకేనా? ఇసకలో స్తంభం నిలబడదు. అందుకని ముందు ఇటుకలతో గుండ్రంగా బావి కట్టి, లోపల ఇసక తోడుతూ పోతారు. తోడేకొద్దీ బావి దాని బరువుకి అదే దిగుద్ది. గట్టి నేల తగిలేదాకా దింపాలి. ముప్పై మూరలు. బావి మీద స్తంభం, స్తంభం మీద దూలం, దూలం మీద పట్టా, పట్టా మీద రైలు, రైల్లో జనం. అన్నిటికీ అడుగున బావి.

సరే, బావులు దిగినయ్. కోటిలింగం గారే ముడులేసిన తాడు తెచ్చాడు, మూరకో ముడి. ఆఖరి బావిలో తాడు వదిలితే ముప్పై ముడులూ లోపలికి పోయినయ్. ఒడ్డున గొడుగు కింద కూర్చున్న దొర భేష్ అన్నాడు. తొలకరికి ముందే రైలు వంతెనెక్కింది. ఆయనకి శాలువా కప్పారు, వెండి గడియారం ఇచ్చారు. ఆ తాడుని ఆయన భార్య నరసమ్మ గారు దేవుడి గదిలో మేకుకి తగిలించి బొట్టు పెట్టింది. ఏటా దసరాకి, ఆయుధపూజ రోజున, దానికి దండ వేసి హారతి ఇచ్చేది.

ఇదంతా అయ్యి అయిదేళ్ళు. ఇంటికి కోడలొచ్చింది. పేరు అచ్చాయమ్మ, ఏటికవతలి పిల్ల. పుట్టింటివాళ్ళకి బంతి తోట, కనకాంబరం తోట. పూలు మూరేసి అమ్ముకునే ఇల్లు. మెట్టినింట్లో మూడు సంగతులు వింతగా కనిపించినయ్ ఆ పిల్లకి. ఒకటి, రైలు వంతెన కట్టినాయన ఇంట్లో ఒక్కరూ రైలెక్కరు. అత్తగారిని అడిగితే, అన్ని కులాలవాళ్ళూ ఒకే బల్ల మీద కూర్చుంటారు, మడి పోద్ది, మీ మామగారికి ఆచారం ఎక్కువ అంది. రెండు, భోజనం మధ్యలో రైలు కూత వినపడితే మామగారు ముద్ద చేత్తో పట్టుకుని అలా ఉండిపోయేవాడు. రైలు వంతెన దాటి అవతల కూత వేసేదాకా ఆ ముద్ద నోటికి పోదు. ఎంత భక్తి అనేవాళ్ళు చుట్టాలు. మూడు, దసరా నాడు తాడుకిచ్చిన హారతి ఆయన కళ్ళకద్దుకునేవాడు కాదు. ఎంత నిగర్వి అనేవాళ్ళు.

ఎక్కడైనా విడ్డూరం ఉంటే దానికొక మంచి పేరు పెట్టేస్తాం. నేనూ అంతే, చిన్నప్పుడు ముద్ద ఆపడమంటే ఏదో నోము అనుకున్నాను.

అచ్చాయమ్మకి ఏడో నెల వచ్చింది. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి కదా. దసరా వెళ్ళగానే తీసుకెళ్తానని అన్నయ్య వచ్చి కూర్చున్నాడు. ఏరేమో రెండు దరులూ ఒరుసుకుని పారుతోంది, బల్లకట్టు ఆపేశారు. రైలయితే అరగంటలో అవతల ఉంటారు. వీల్లేదన్నాడు కోటిలింగం గారు. ఏరు తగ్గాక బల్లకట్టు మీదే పోవాలన్నాడు. ఏరు తగ్గేసరికి తొమ్మిదో నెలొస్తుంది, తొమ్మిదిలో కదపకూడదు. మరెట్లా అంటే వీల్లేదంటే వీల్లేదన్నాడు. నిద్రపోతున్నారా ఏంటి, ఊ ఏదీ?

ఆయుధపూజ రోజు పొద్దున అత్తగారు తాడుకి దండ కట్టమంది. ముప్పై ముడులు, ముడికో మూర, ముప్పై మూరల దండ కావాలనుకుంది అచ్చాయమ్మ. తన చేత్తో కొలిచి ముప్పై మూరలు గుచ్చింది. మూరంటే తెలుసుగా, మోచేతి నించి నడిమి వేలు కొస దాకా. దండని తాడు పక్కన పరుచుకుంటూ పోయింది. తాడైపోయింది. దండ ఇంకా ఉంది. ఒకటి కాదు రెండు కాదు, ఏడు మూరల దండ మిగిలింది. నరసమ్మ గారు చూసి, పూలు ఊరికే వచ్చినయ్యా, అంత దుబారా ఏంటన్నారు.

అచ్చాయమ్మ ముడికీ ముడికీ మధ్య చెయ్యి పెట్టి చూసింది. మూర ఉండాల్సిన చోట జానాబెత్తెడే ఉంది. తనది ఆడచెయ్యి, మగవాళ్ళ మూర కన్నా పొట్టి. ఆ పొట్టి మూరకే ముడుల మధ్య సందు చాలట్లేదు. ముప్పై ముడుల్లోనూ ఒక్కటీ చాల్లేదు.

ఒక్కొక్కటే లెక్కేసుకుందంట ఆ పిల్ల. తాడు తప్పయితే బావి తప్పు. బావి తప్పయితే స్తంభం తప్పు. స్తంభం తప్పయితే దూలం తప్పు. దూలం తప్పయితే పట్టా తప్పు. పట్టా తప్పయితే, మరి రైల్లో జనం? అప్పుడర్థమైంది మామగారు ముద్ద ఎందుకు ఆపుతాడో. భక్తి కాదు, భయం. ఇవాళ కూలుద్దా, ఇవాళ కూలుద్దా అని ఆరేళ్ళ నించి చెవులొగ్గి వింటున్నాడు ఆ మహానుభావుడు. ఈ ముక్క మా నాయనమ్మ చెప్పినప్పుడు నేను ఊ కొట్టడం మర్చిపోయాను. మీకూ ఊ రావట్లేదు కదా. రాదులే.

ఎవరికి చెప్పుద్ది? మొగుడు రాఘవులు తండ్రి ఎదట కూర్చోనైనా కూర్చోడు. అత్తగారికి చెప్తే తాడు పొయ్యిలోకి పోద్ది. రాత్రంతా ఆలోచించింది. విజయదశమి నాడు కోటిలింగం గారు భోజనానికి కూర్చున్నాక, తాడు చుట్ట చుట్టి కొంగు కింద పెట్టుకుని, అన్నయ్యని వెంటేసుకుని స్టేషనుకి పోయింది. మన ఊళ్ళో రైలు ఆగి, ఇంజనుకి నీళ్ళు పట్టుకుని, అప్పుడే వంతెనెక్కేది. ఆడవాళ్ళ పెట్టెలో కూర్చుని, తమని ఎడ్లబండి మీద తెచ్చిన గంగులుతో మామగారికి కబురంపింది. కోడలు రైలెక్కింది, తాడు కూడా తీసుకెళ్ళిందని చెప్పమంది.

కోటిలింగం గారు విస్తరి ముందు నించి లేచాడు. ఎంగిలి చెయ్యి కడగలేదు, పైపంచె లేదు, తలపాగా లేదు. ఊరి మధ్యలో పరిగెత్తుకుంటూ వచ్చాడు. జనం కొయ్యబారిపోయి చూశారు. ఏనాడూ కోడలితో ఎదురుపడి మాట్లాడని మనిషి కిటికీ దగ్గరికొచ్చి, దిగమ్మా, నీ కాళ్ళు పట్టుకుంటాను దిగమ్మా అన్నాడు.

ఆ రోజుల్లో కోడళ్ళు తలుపు చాటు నించే మాట్లాడేవాళ్ళు. అచ్చాయమ్మ ముసుగు తీసి మొహంలోకి చూసింది.

"దిగుతాను మామయ్యగారూ. నన్నొక్కదాన్నే దింపుతారా, వీళ్ళందర్నీ దింపుతారా?"

ఆయన పెట్టెలోకి చూశాడు. చల్లకుండ పెట్టుకున్న ముసలమ్మ ఉంది, చంకలో బిడ్డతో తురక పిల్ల ఉంది, గాజులమలారంతో ఒకావిడ ఉంది. ఆరేళ్ళు రైలు చప్పుడు విన్నాడు గానీ రైల్లో మొహాలు ఎప్పుడూ చూడలేదు. ఇంజను కూత వేసింది. ఆ ఎంగిలి చేత్తోనే పోయి స్టేషను మాస్టరు చేతిలోని పచ్చజెండా పట్టుకున్నాడు. ఆఖరి బావి ఇరవై మూరలేనయ్యా, మబ్బు పట్టిందని, గడువు దాటిపోద్దని రాత్రికి రాత్రి నేనే దొంగముడులు వేశానయ్యా, బండి పంపకయ్యా అని అందరూ వినేలా చెప్పాడు.

మాస్టరు నమ్మలేదు. పెద్దాయనకి మతి చలించిందన్నాడు. అప్పుడు అచ్చాయమ్మ దిగి, తాడు ప్లాట్‌ఫారం మీద పరిచి, చెయ్యి పెట్టి కొలిచింది. చల్లమ్మే ముసలమ్మ దిగి కొలిచింది, చాల్లేదు. గాజులావిడ కొలిచింది, చాల్లేదు. తురక పిల్ల బిడ్డనెత్తుకునే కొలిచింది, చాల్లేదు. మాస్టరు వంగి తన చెయ్యి పెట్టాడు. లేచి పచ్చజెండా చుట్టేసి లోపల పెట్టేశాడు. నరసమ్మ గారు అప్పుడే వచ్చారు. ఆ తాడుకా నేను ఆరేళ్ళు హారతిచ్చింది అని అక్కడే చతికిలబడిపోయారు.

దొరలొచ్చారు, ఏటి ఉరవడి తగ్గాక ఈతగాళ్ళని దింపి చూశారు. ఆఖరి బావి అడుగున ఇసక కోసుకుపోయి, బావి ఒక పక్కకి ఒరిగుంది. ఇంకొక్క వరదకి ఆగేది కాదంట. దొర మొహం తెల్లకాగితమైంది. అది ముందే తెలుపనుకోండి.

తనంతట తనే చెప్పాడు కాబట్టి జైల్లో పెట్టలేదు. సొంత ఖర్చుతో మళ్ళీ కట్టమన్నారు. మేడ అమ్మాడు, బళ్ళు అమ్మాడు, శాలువా, గడియారం తిరిగిచ్చేశాడు. పాత పెంకుటింట్లోకి మారి, కూలీలతోపాటు తనూ తట్ట మోశాడు. అచ్చాయమ్మకి మెట్టినింట్లోనే మగపిల్లాడు పుట్టాడు. ఆచారం తప్పిందని ఒక్కరూ అనలేదు, అనడానికి మొహాలు లేవు. ఏరు తగ్గాక తల్లే బల్లకట్టు మీద వచ్చి పురుడు పోసింది.

పిల్లాడికి ఏడాది నిండేసరికి వంతెన సిద్ధమైంది. ముందు ఉత్త ఇంజను నడిపి చూస్తారు. అందులో నేనొక్కణ్ణే కూర్చుంటానన్నాడు కోటిలింగం గారు. అచ్చాయమ్మ వచ్చి పిల్లాణ్ణి ఆయన ఒళ్ళో పెట్టింది. ఆయన ఎట్లా నమ్మావమ్మా నన్ను అన్నాడు.

"ఈసారి మగవాళ్ళ మూరతో తాడుకి ముడులేసింది నేను కదా మామయ్యగారూ" అంది.

రైలు దాటింది. వంతెన నిలిచింది. ఇప్పటికీ నిలిచే ఉంది.

మోసం చేసింది మన తాతేనా అంటావా చిన్నీ? మన తాతే. నలుగురిలో ఒప్పుకున్నదీ ఆ తాతే. రెండూ మనవే, ఒకటి దాచి ఇంకొకటి చెప్పుకోకూడదు. మంచి వంతెన కట్టాక కూడా ఆయన బతికినన్నాళ్ళూ ముద్ద ఆపేవాడు. ఇంక భయమెందుకని అడిగితే, మన చేతిపని మీద ఎవరో పోతున్నారు, వాళ్ళు క్షేమంగా దాటాక తింటాను అనేవాడంట. అదమ్మా సంగతి. పప్పు వండినా, గోడ కట్టినా, పరీక్ష రాసినా మూరంటే మూరే ఉండాలి.

ఉష్, అదుగో కూత. మనం పడుకునే వేళకొచ్చే రైలు. చప్పుడు చెయ్యకండి.

...

దాటింది. ఇప్పుడు ఊ అనండి. కథ ఆ రైలెక్కి కంచికి పోయింది, మనం కళ్ళు మూసుకుని మనింట్లోనే ఉందాం.